పాత పడవ, పైపై పూత: పెరట్లో బాగుచేసుకునే చిట్కాలు

గిలకలదిండిలోనో నాగాయలంకలోనో ఒడ్డున పడి ఉన్న పాత చెక్క పడవను చవగ్గా కొన్నారా? తాతగారి వాటా కింద వచ్చిందా? శుభం. లారీ మీద బెజవాడ చేర్చి పెరట్లో దించండి. పని చేసినట్టు కనబడితే చాలు, పనెందుకు? కింది చిట్కాలు వరసగా పాటించండి. ఫలితం గ్యారంటీ.

1. తొందరపడకండి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. పని తెలిసినవాళ్లు పడవలు ఒడ్డుకు లాగి మరమ్మతులు చేసుకునేది అప్పుడే. మీకేం తొందర? ఏప్రిల్లో ఎండ. మే ఆఖర్లో రోహిణి కార్తె, రోళ్లే పగులుతాయి, మనమెంత? మృగశిర రాగానే వాన, చెక్క తడుస్తుంది. ఆషాఢంలో కొత్త పని పెట్టుకోరు. శ్రావణంలో ఇంటి నిండా పేరంటాలు. భాద్రపదంలో కృష్ణకు వరద. ఆశ్వయుజంలో దుర్గమ్మ కొండ మీద దసరా, ఊరంతా జనం. కార్తీకంలో పడవ పక్కన ఒక దీపం పెట్టి, ఫొటో తీసి, "పని నడుస్తోంది" అని స్టేటస్ పెట్టండి. ఏడాది గడిచిపోతుంది.

2. చెక్కను పరీక్షించనివ్వకండి.

పాతకాలపు మేస్త్రి వచ్చాడంటే సుత్తితో ఒక్కో పలకా తట్టి చూస్తాడు. గట్టి చెక్క ఖంగుమంటుంది. కుళ్లిన చెక్క బొదబొదమంటుంది. ఆ తర్వాత వంగి, అడుగు దూలం పక్కన చాకు మొన గుచ్చుతాడు. అది పిడి దాకా దిగిందంటే మీ జేబుకు చిల్లు పడ్డట్టే. కాబట్టి సుత్తి దాచేయండి. చాకు వంటింట్లో పెట్టించండి. ఆయన రాగానే "రండి బాబాయ్" అని కుర్చీ వేసి, టీ ఇచ్చి, రాజకీయాలు ఎత్తండి. పడవ మాట వచ్చేసరికి చీకటి పడుతుంది.

3. సందుల్లో సిమెంటు కొట్టండి.

ఏళ్ల తరబడి ఎండలో ఉన్న పలకలు ముడుచుకుపోయి మధ్యలో సందులు పడతాయి. నీళ్లలో దిగాక చెక్క ఉబ్బి మళ్లీ బిగుస్తుంది. ఇది తెలిసినవాళ్లు నొక్కితే లొంగే పత్తి కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపి పట్టిస్తారు. అది రోజుల తరబడి సాగే పని. మీరు ఒక తట్ట సిమెంటు కలిపి గంటలో ముగించండి. రాయిలా బిగుస్తుంది. చెక్క ఉబ్బడానికి చోటు లేక పలకలు తన్నుకొస్తాయి, మేకులు ఊడతాయి. ఎవరైనా అడిగితే "మంచి జాతి చెక్కండీ, ఇంకా పెరుగుతోంది" అనండి.

4. మేకుల దగ్గర మిగల్చండి.

రాగి మేకులు, జింకు పూత మేకులు ధనవంతుల సరదాలు. సెంట్రింగు పనిలో మిగిలిన ఇనుప మేకులు సుత్తితో వంపు తీసి వాడండి. ఉప్పునీళ్లు తగలగానే తుప్పు పడతాయి. మేకు చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. దాన్ని దిష్టిచుక్క అనుకోండి.

5. తడి మీదే ఫైబర్ కప్పండి.

చెక్క ఆరే దాకా ఆగడం అసమర్థుల పద్ధతి. వాన వెలిసిన సాయంత్రమే ఫైబర్ మ్యాట్ పరిచి రెజిన్ పూసేయండి. హార్డెనర్ కొలవకండి, చేతికొచ్చినంత పొయ్యండి. లోపలి తడి బయటికి రాలేదు. చెక్క చాటుగా కుళ్లుతుంది. బయటికి మాత్రం కొత్త బకెట్టులా మెరుస్తుంది. పైన పటారం, లోన లొటారం: మనకు కావలసిందీ అదే.

6. ఇంజనుకు ఆటోనగర్ ఉంది.

పొలంలో నీళ్లు తోడి రిటైరైన ఆయిల్ ఇంజను ఒకటి అక్కణ్నుంచి తెచ్చి బిగించండి. చల్లబరచడానికి ఉప్పునీళ్లే నేరుగా తిప్పండి, సముద్రంలో నీటి కరువుందా? పోత ఇనుము లోపల్నుంచి తినేస్తుంటే చప్పుడు మారుతుంది. పాటలు పెట్టుకోండి. ప్రొపెల్లరు దగ్గర చిన్న జింకు దిమ్మ ఉంటుంది. ఖరీదైన లోహానికి బదులు తను అరిగిపోవడమే దాని ఉద్యోగం. రంగు వేసేటప్పుడు దాని మీద కూడా దట్టంగా పూయండి. దిమ్మ చెక్కు చెదరదు. ప్రొపెల్లరే పోతుంది.

7. కాగితాలకు దూరంగా ఉండండి.

2008 ముంబై దాడుల తర్వాత సముద్రంలోకి వెళ్లే పడవల రిజిస్ట్రేషన్ మీద పట్టు బిగించారు. ముక్కు దగ్గర నంబరు కనబడాలంటారు. రాయితీ డీజిలు కావాలన్నా ముందు ఆ నంబరే అడుగుతారు. రంగు నంబరు మీదుగా లాగేసి, ఆ చోట అమ్మాయి పేరు రాయించండి. లైఫ్ జాకెట్లు ఫొటోకు మాత్రం అద్దెకు తెండి. 2017 నవంబరులో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. "అది టూరిస్టు పడవండీ, మనది చేపల పడవ" అనండి. నీళ్లకు ఆ తేడా తెలుసన్నట్టు చెప్పండి.

8. తాడు విషయంలో ఉదారంగా ఉండకండి.

మోకు, లంగరు అనవసరం. బట్టలారేసే నైలాన్ తాడుతో ఘాటు మెట్లకు కట్టి ఇంటికొచ్చి పడుకోండి. 2024 సెప్టెంబరులో కృష్ణకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దితే కౌంటర్ వెయిట్లు విరిగాయి. ఇరుక్కున్న పడవలను బయటికి తీయడానికి రోజులు పట్టింది. రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. కట్టుదిట్టంగా కట్టిన పడవకు అంత పేరు వస్తుందా?

9. బాధ్యత గంగమ్మకు అప్పగించండి.

దింపే రోజు పసుపు, కుంకుమ రాసి కొబ్బరికాయ కొట్టండి. నీళ్లు లోపలికి వస్తే చెంబు పట్టుకుని తోడేవాడిదే తప్పు. తోడేవాడు లేకపోతే ముహూర్తం పెట్టిన పంతులుగారిది. ఆయన ఫోన్ ఎత్తకపోతే ప్రభుత్వానిది. మీరు మాత్రం ఒడ్డునే నిలబడండి. తొలి ప్రయాణానికి బావమరిదిని పంపండి, మర్యాదగా ఉంటుంది.

ఇవన్నీ తు.చ. తప్పకుండా చేశాక కూడా పడవ తేలుతోందంటే ఒకటే అర్థం: మీకు తెలియకుండా ఆ ముసలి మేస్త్రి రాత్రిపూట వచ్చి పని చేసి పోతున్నాడు. వెంటనే పట్టుకుని మాన్పించండి.