‘రూ. 299’ సూత్రానికి వ్యయబోధిని అను వ్యాఖ్య

మూలం: రూ. 299. అపరిమిత కాల్స్, రోజుకు 1.5 జీబీ డేటా, రోజుకు 100 ఎస్సెమ్మెస్, వ్యాలిడిటీ 28 రోజులు. నియమ నిబంధనలు వర్తిస్తాయి.

అవతారిక. శాస్త్రగ్రంథం ఏదైనా నాలుగు అనుబంధాలతో మొదలుకావాలని పెద్దలు నియమించారు: గ్రంథం దేనిని గురించి చెబుతుందో అది విషయం, చదివినందువల్ల కలిగేది ప్రయోజనం, ఆ రెంటికీ గ్రంథానికీ గల ముడి సంబంధం, చదవడానికి అర్హుడు అధికారి. పై సూత్రానికి విషయం సెల్‌ఫోను సిమ్ముకు వేయించే ప్రీపెయిడ్ రీచార్జ్. అధికారి, గడువు ముగియబోతున్నదని మూడు రోజులుగా సందేశాలు అందుకుంటున్నవాడు. సంబంధం, అతనికి రావలసిన కాల్స్ ఆ గడువుకు కట్టుబడి ఉండటం. ప్రయోజనం మాత్రం ఇక్కడ ఏకవచనంలో దొరకదు. కంపెనీలు ‘ప్రయోజనాలు’ అని బహువచనంలోనే వాడతాయి. డబ్బు తీసుకొని ఇచ్చిన సరుకును కొట్టువాడే ప్రయోజనమని పిలవడం కందిపప్పు విషయంలో ఇంతవరకు జరగలేదు.

మూలంలో ‘సిమ్ ఓన్లీ’ అన్న మాట ఎందుకు లేదో చెప్పాలి. బ్రిటన్‌లో ఫోనూ కనెక్షనూ కలిపి నెలవారీ ఒప్పందం మీద ఇచ్చే అలవాటు ఉన్నందున, ఫోను లేకుండా సిమ్ము మాత్రమే ఇచ్చే ప్లానుకు ‘సిమ్ ఓన్లీ’ అని వేరే పేరు పెట్టవలసి వచ్చింది. తెలుగునాట ఫోను ఒక కొట్టులో, సిమ్ము రోడ్డు పక్క గొడుగు కింద కొనడమే వాడుక గనుక ఇక్కడ ప్రతి ప్లానూ సిమ్ ఓన్లీయే, ఆ విశేషణానికి వ్యావర్త్యం లేదు. వ్యావర్త్యం అంటే విశేషణం వేరుచేసి పక్కకు నెట్టే వస్తువు. ఇక వ్యాఖ్యాన పద్ధతి. మెదక్ జిల్లా కొల్చారం తన ఊరుగా ప్రసిద్ధుడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ప్రస్తుత వ్యాఖ్య అందులో మొదటి సగాన్ని పాటిస్తుంది. రెండో సగాన్ని మూలమే పాటించలేదు, రోజుకు నూరు ఎస్సెమ్మెస్‌లు కావాలని అడిగినవారెవరో మూలకర్తకే తెలియాలి.

అపరిమిత కాల్స్. పరిమితం కానిది అపరిమితం, నఞ్ తత్పురుష సమాసం. నిషేధాన్ని చెప్పే ‘న’ హల్లుకు ముందు ‘అ’గా మిగిలిందని చెప్పి ఊరుకోవచ్చు. కాని కాదనడంలో ఎన్నో తీరులున్నాయని గ్రహించిన వైయాకరణులు నఞ్‌కు ఆరు అర్థాలు లెక్కించారు: దాని వంటిదని చెప్పే సాదృశ్యం, అసలు లేదని చెప్పే అభావం, అది కాక వేరొకటని చెప్పే అన్యత్వం, ఉన్నది కొంచెమేనని చెప్పే అల్పత్వం, ఉన్నా మంచిది కాదని చెప్పే అప్రాశస్త్యం, ఎదురు నిలిచేదని చెప్పే విరోధం. ‘అనశ్వం’ అంటే గుర్రం కాని మరో జంతువు, కనుక అన్యత్వం. ‘అధర్మం’ ధర్మానికి విరుద్ధం. ‘అనుదర’ అంటే పొట్టే లేనిదని కాదు, నడుము సన్ననిదని, కనుక అల్పత్వం. వ్యాకరణం చదివినవారు మిగిలిన ఐదు ఉదాహరణలూ మరచినా ఈ సన్ననడుమును మరవరు.

ప్రకృతంలోని నఞ్ వీటిలో ఏది? అభావమని నమ్మి వినియోగదారుడు డబ్బు చెల్లిస్తాడు. కాల్స్ వరకు ఆ నమ్మకం చాలా మట్టుకు నిలుస్తుంది. కాని ప్రకటనల్లో ‘అపరిమిత’ శబ్దం పక్కనున్న డేటాకు కూడా అంటుకొని కనిపిస్తుంది, అప్పుడు దాని అర్థం ఇది: రోజు కోటా అయిపోయినా ఇంటర్నెట్టు ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కు, అనగా సెకనుకు 64 కిలోబిట్లకు, పడిపోతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక ఒక ఎంబీ దిగడానికి 125 సెకన్లు పడుతుంది. మేనకోడలి పెళ్లిఫోటో నాలుగు ఎంబీలుంటే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. రాత్రింబవళ్లు క్షణం విడవకుండా లాగినా 24 గంటల్లో వచ్చేది 691 ఎంబీలు. కాబట్టి అపరిమితానికీ కొలత ఉన్నది, పైగా అది మూలంలోని పరిమితంలో సగానికన్నా తక్కువ. ఇక్కడి నఞ్ అల్పత్వార్థకమని సిద్ధాంతం. అప్రాశస్త్యమని వాదించేవారూ కొందరున్నారు. వారు ఆ వేగంతో తత్కాల్ టికెట్టు తీయబోయినవారు.

2024 జూలైలో ధరలు పెంచినప్పుడు పెద్ద కంపెనీలు మరొక విశేషం చేర్చాయి: అపరిమిత 5జీ రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లకే లభిస్తుంది. అనగా పరిమితి పెద్దదిగా ఉన్నవాడికే అపరిమితం. పరిమితం నుంచి అపరిమితానికి దారి వెతుకుతూ వేదాంతులు ఎన్నో శతాబ్దాలు గడిపారు. ఆ దారి 2 జీబీ దగ్గర మొదలవుతుందని ఇప్పటికి తేలింది.

రోజుకు 1.5 జీబీ, రోజుకు 100 ఎస్సెమ్మెస్. స్పష్టం.

28 రోజులు. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కొంత ఆగక తప్పదు. మాసం అంటే ఏమిటన్న ప్రశ్నకు జ్యోతిశ్శాస్త్రం నాలుగు జవాబులు చెబుతుంది. సూర్యుడు ఒక రాశిలో ఉన్నంత కాలం సౌరమాసం, అది ఒక్కోసారి 29 రోజులకు కొంచెం ఎక్కువ, ఒక్కోసారి 31కి పైన. అమావాస్య నుంచి అమావాస్య వరకు చాంద్రమాసం, ముప్పై తిథులు, సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. తెలుగువారి పండుగల్లో చాలావరకు దీని మీదనే నడుస్తాయి. సూర్యోదయాలు ముప్పై లెక్కపెడితే సావనమాసం. చంద్రుడు బయలుదేరిన నక్షత్రానికే మళ్లీ చేరితే నాక్షత్రమాసం, 27 రోజులకు పైన సుమారు ఎనిమిది గంటలు. ఈ నాలుగింటిలో 28 రోజులది ఏదీ లేదు.

ఫిబ్రవరి ఉన్నది కదా అని పూర్వపక్షి, అనగా ఎదుటివాదం వినిపించేవాడు, అడ్డు తగలవచ్చు. పన్నెండింటిలో ఒక్కదానికే పట్టే కొలతను నెలలన్నిటికీ లక్షణంగా చెప్పడం అవ్యాప్తి అనే దోషం. పైగా నాలుగేళ్లకొకసారి ఫిబ్రవరి కూడా ఈ వాదాన్ని విడిచిపెట్టి పోతుంది. నాలుగు వారాలు అంటే సరి అని మరొకడు అనవచ్చు. అలాగైతే దానిని నాలుగు వారాలనే పిలవాలి, కొట్టులోనూ యాపులోనూ ‘నెల ప్లాను’ అనరాదు. ఒక్క సమాధానమే మిగులుతున్నది. నక్షత్రాలు 27 అని వాడుక, కాని ఉత్తరాషాఢకూ శ్రవణానికీ నడుమ అభిజిత్తు అనే నక్షత్రాన్ని చేర్చి 28గా లెక్కించే సంప్రదాయం ప్రాచీనమే. రీచార్జ్ మాసం రోజుకొక నక్షత్రం చొప్పున అభిజిత్తును కూడా కలుపుకొని సాగుతున్నదని ఒప్పుకుంటే మూలకర్త గౌరవం దక్కుతుంది. అభిజిత్తు అంటే జయించేది. ఎవరిని అన్నది చెప్పనక్కరలేదు.

ఇక అధికమాసం. చాంద్ర సంవత్సరానికి సుమారు 354 రోజులే గనుక సౌర సంవత్సరంతో ఏటా పదకొండు రోజుల తేడా వస్తుంది; అది పేరుకున్నప్పుడు, పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు, ఒక నెలను అదనంగా కలిపి పంచాంగకర్తలు లెక్క సరిచేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026కు అధిక జ్యేష్ఠం. ఆ నెలలో పెళ్లిళ్లు చేయరు, గృహప్రవేశాలు పెట్టరు. అదనంగా వచ్చిన నెలలో ఎవరి చేతా ఖర్చు పెట్టించకూడదని శాస్త్రానికి అంత శ్రద్ధ. రీచార్జ్ పంచాంగంలో అధికమాసం ప్రతి సంవత్సరం వస్తుంది, ఖర్చు కోసమే వస్తుంది. పదమూడు ఇరవై ఎనిమిదులు 364. పన్నెండు నెలలకు 299 చొప్పున 3,588 రూపాయలు, పదమూడింటికి 3,887. జనవరి 1న వేయించినవాడు రెండో రీచార్జ్ 29నే వేయించాలి, తరువాత ఫిబ్రవరి 26, మార్చి 26, ఏప్రిల్ 23. ఇలా జారుతూ డిసెంబరు 3కు పదమూడోది పూర్తిచేసి 31న పద్నాలుగోది కూడా వేయించి కొత్త సంవత్సరంలో అడుగుపెడతాడు.

ఈ జారుడును నవ్వి వదిలేయడానికి వీల్లేదు. జీతం ఒకటో తేదీన వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నాలుగు వేలు ఒకటో తేదీన ఇంటికి వస్తుంది. పాలవాడికి, అద్దెకు, కరెంటుకు నెల ఒక్కటే కొలత. రీచార్జ్ ఒక్కటే చేతిలో డబ్బు ఆడని 29న, 26న, 23న వచ్చి నిలబడుతుంది. నెలలాగే కనిపించి నెల కాకుండా ఉండేటట్టు ఏరుకున్న సంఖ్య ఇది. సంఖ్యలలో ఇంతటి సాదృశ్యార్థక నఞ్ మరొకటి లేదు. 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు ఈ ఫిర్యాదు చేరింది. 30 రోజుల గడువుతో ఒకటి, ప్రతి నెలా అదే తేదీన వేయించుకొనే వీలున్నది ఒకటి చొప్పున ప్రతి కంపెనీ ఉంచి తీరాలని అది 2022 జనవరి 27న ఉత్తర్వు ఇచ్చింది. ఉంచారు. తాళపత్ర గ్రంథంలో చివరి ఆకు మీద లేఖకుడు అంచున రాసుకున్న గుర్తులా, యాపులో చాలా దూరం కిందికి జరిపితే కనబడతాయి.

వ్యాలిడిటీ. తెలుగులో చెల్లుబాటు. 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన మొదటి సెల్‌ఫోను కాలు నాటి నుంచి, మాట్లాడినవాడూ విన్నవాడూ ఇద్దరూ డబ్బు చెల్లించేవారు. 2003 మే 1 నుంచి వినడం ఉచితమైంది. దాని వెంటనే మిస్డ్ కాల్ అనే మౌనభాష దేశమంతటా విస్తరించింది, ఒక్క రింగుకు బయలుదేరానని, రెండింటికి చేరానని. 2005 చివర ‘లైఫ్‌టైమ్’ ప్లాన్లు వచ్చాయి. ఆ సమాసంలోని లైఫ్ ఎవరిదన్న సందేహానికి, కంపెనీ లైసెన్సుదని ట్రాయ్ వివరణ. షష్ఠీ తత్పురుషలో షష్ఠి దాగి ఉంటే ఇంత ప్రమాదమున్నది. 2018 చివరకు కనీస రీచార్జ్ పద్ధతి తెచ్చి, గడువు దాటితే వచ్చే కాల్స్ కూడా ఆపడం మొదలుపెట్టారు. వినడం ఉచితమే, వినగలగడానికి మాత్రం నెలనెలా చెల్లించాలి. అమెరికాలో స్థిరపడినవారు బ్యాంకు ఓటీపీ కోసం ఇండియా సిమ్మును సొరుగులో పెట్టుకొని ఒకేసారి ఏడాది ప్లాను వేయిస్తారు. ఒక్కసారే అంత ఇవ్వగలవారికి సంవత్సరంలో 365 రోజులూ దక్కుతాయి.

నియమ నిబంధనలు వర్తిస్తాయి. నియమాలు వేరు నిబంధనలు వేరు అని సాధించబోతే గ్రంథం పెరుగుతుంది. వాక్యం పూర్తి కావాలంటే ఆకాంక్ష తీరాలి. ఒక పదం విన్నాక చెవి మరొకదాని కోసం ఎదురుచూడటమే ఆకాంక్ష. ‘వర్తిస్తాయి’ అనగానే ‘ఎవరికి’ అని చెవి అడుగుతుంది, మూలం జవాబు చెప్పదు. వాక్యదోషమా అంటే కాదు, వాడుక చేత అర్థం తెలుస్తూనే ఉన్నది.

పాఠభేదాలు. ఎస్సెమ్మెస్‌లో ఒక పాఠం, యాపులో ఒకటి, కొట్టు ముందరి ఫ్లెక్సీ మీద ఒకటి. రాష్ట్రం 2014లో రెండైనా టెలికాం లెక్కలో సర్కిలు ఇంకా ఆంధ్రప్రదేశ్ ఒక్కటే గనుక, ప్రాంతభేదం వల్ల పాఠం మారిందనడానికి కూడా వీల్లేదు. 2024 డిసెంబరు 23న ట్రాయ్ చేసిన సవరణ వల్ల, డేటా లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన వోచరు కూడా ప్రతి కంపెనీ అమ్మాలి. ముందుగా వెలువడినవి 84 రోజులవి, అంతకన్నా దీర్ఘమైనవి. వాటి ధర ఒక్కసారే నాలుగు వందలు దాటుతుంది. ఫ్లెక్సీ పాఠంలో ఈ వోచరు లుప్తం.

ఉదాహరణ. రాయలసీమలో ఒక మండల కేంద్రం బస్టాండు ఎదుట సెల్ షాపు. బటన్ల ఫోను గుడ్డసంచిలో, నంబరు సిగరెట్టు పెట్టె అట్టముక్క మీద. అట్టముక్కా మూడు వందల నోట్లూ గాజుబల్ల మీద పెట్టి, “మావోడు చేస్తే మోగితే సాలు నాయనా” అని అవ్వ చెబుతుంది. కుర్రవాడు నంబరు కొడతాడు. ఫోనుకు రోజుకు 1.5 జీబీ, చదువు రాని చేతికి నూరు ఎస్సెమ్మెస్‌లు, మిగిలిన రూపాయికి చాక్లెట్టు. “ఎన్ని దినాలొస్తాది?” అని అవ్వ అడుగుతుంది. “నెల వస్తాదవ్వా.”

నెల. పైన వ్యాఖ్యాతం.