ఒక మంగళగిరి చీర ఆత్మకథ

నా జన్మవృత్తాంతమును విస్తరించుట నా కిష్టము లేదు. మంగళగిరిలో నొక గుంటమగ్గముపై 80వ నంబరు నూలుతో, నిజాము అంచుతో, ఆరు గజముల చీరనై పుట్టి, గుంటూరు జిల్లాలో నొక యిల్లాలి పెట్టె చేరితినని చెప్పిన చాలును. ఆమె నన్ను పేరంటములకు కట్టిన కాలము కొంత, పెరటి పనులకు కట్టిన కాలము బహుళము. నడుమ నొక యేడాది దూలమునకు వ్రేలాడి ఆమె కొడుకునకు ఉయ్యాలనైతిని. ఎన్ని చాకిరేవులు చూచినను ఆ పసివాని వాసన నన్ను వీడలేదని ఇరుగమ్మలు నవ్వెడివారు. కడకు ఆవకాయ జాడీకి చుట్టబడి, విమానపు పొట్టలో చలికి గడగడలాడుచు, ఆ కొడుకే కాపురముండు న్యూజెర్సీలోని ఎడిసన్‌కు ఆమె వెంట వచ్చి పడితిని. జాడీ పగులలేదు గాని, కారిన నూనెకు నా పైటచెంగు బలియైనది.

మేము దిగినది ఉగాదికి నాలుగు దినములు ముందు. మన యూళ్లలో మామిళ్లు పిందె దిగి వేప పూచు ఆ వేళ అచ్చటి కొమ్మలపై ఆకన్నది లేదు. పచ్చడికి వేపపువ్వు సైతము ఎండినది పొట్లములో కొనవలసివచ్చెను. వసంతమెప్పుడు వచ్చునో చెప్పుటకు ఆ దేశమున పంచాంగకర్త యొక జంతువు. పెన్సిల్వేనియాలోని పంక్సటానీ యను నూర 1887 మొదలు ఏటేట ఫిబ్రవరి 2వ తేదీన గ్రౌండ్‌హాగ్ అను ప్రాణిని వెలుపలికి తెచ్చి, అది తన నీడను చూచెనేని ఇంకను ఆరు వారములు చలి తప్పదని చాటుదురు. కొడుకు ఫోనులో దాని బొమ్మ చూపగా మా యమ్మ, "ఇది మన పందికొక్కు గదరా! దీని మాట వినేనా వీళ్లు విత్తనాలు వేసేది?" అనెను. నిజమునకది ఉడుతల వంశము. పందికొక్కును నమ్మనొల్లక ఆమె ఉగాది నాడే గోంగూర గింజలు చల్లినది. వేడిని కోరు ఆ గింజలు చల్లని నేలలో మొలవక కుళ్లిపోయినవి.

పిమ్మట కిటికీ ప్రక్క పెరుగు డబ్బాలలో టమాటా, వంగ నారు పోసి, ఏప్రిల్ చివర పెరటిలో నాటెను. మే నెల రెండవ ఆదివారము, అనగా వారి అమ్మల పండుగ, దాటినగాని టమాటా నాటరాదని పొరుగింటి వృద్ధుడు కంచె మీదనుండి చెప్పినను ఆమె చెవినిడలేదు. మే మొదటి వారమున ఒకనాటి సాయంకాలము మబ్బు విడిపోయి, గాలి స్తంభించి, నక్షత్రములు కడిగిన ముత్యములవలె మెరిసినవి. అట్టి నిర్మలరాత్రియే నారునకు గండము. మబ్బు దుప్పటి లేనందున నేలలోని వేడి ఆకసమునకు జారిపోవును. ఫోను 36 డిగ్రీల ఫారన్‌హీటని చెప్పినను నేల కంటియున్న ఆకుమీద అది 32కు దిగి మంచు పేరుకొనును. కొడుకు గాబరాపడి నన్ను లాగి, మొక్కల తలలపై కప్పి, కొసలను కాండములకు బిగించి కట్టి, లోనికి పోయి పండుకొనెను. వాని చదువు గొప్పది. కాని కాపాడవలసిన వేడి మొక్కలో గాక మట్టిలో నుండునని యెవరును వానికి చెప్పినట్లు లేదు. తలకు గుడ్డ చుట్టి కాళ్లు మంచులో నిలిపినట్లు నిలిచిన ఆ నారు తెల్లవారునప్పటికి సగము నల్లబడి వ్రాలెను. చచ్చిన యాకులు నా మడతలకు అంటుకొని యుండగా నేను పడిన సిగ్గు నేటికిని తీరలేదు.

మరునాటి రాత్రి మా యమ్మయే వచ్చెను. కర్రలు పాతి, ఆకులకు తగులకుండ నన్ను వాటిమీద పరచి, నాలుగు ప్రక్కలను నేల వరకు దించి ఇటుకలు పెట్టెను. "కోడిపిల్లల్ని గంప కింద మూసినట్టు మూయాలిరా నాన్నా, సందు ఉండకూడదు." ఆ రాత్రి నా క్రింద పగటి యెండ వెచ్చగా నిలిచియుండ, నా వెన్నుపై మంచు పేరి, గంజి పెట్టినట్లు బిర్రబిగిసితిని. ఎండ ఎక్కకముందే ఆమె నన్ను తీసి కంచెపై ఆరవేసెను. పేరంటములలో సైతము నాకంత గౌరవము జరుగలేదు.

చలి పోయిన వెనుక అతిథులు వచ్చిరి. ఒక యుదయమున టమాటా కొనలు లేవు. మా యమ్మ తెగిన కాండమును వ్రేళ్ల నడుమ నలిపి, "పీచులు పీచులుగా తెంపింది చూడు. పైపళ్లు లేని జంతువు, మన గేదె మేసినట్టే ఉంది" అనెను. అది జింక, ఇంటివారి నాలుగడుగుల కంచె దానికి గడపతో సమానము. చిక్కుడు మొలకలను కత్తితో కోసినట్లు ఏటవాలుగా తెంపినది కుందేలు. పంచాంగకర్త మాత్రము దొంగతనమునకు చీకటిని కోరలేదు. కంచెపై నేను చూచుచుండగనే పట్టపగలు వచ్చి, కూర్చుండి, రెండు చేతులతో పట్టుకొని, మిగిలిన చిక్కుడు వరుస నంతయు సంభావనగా పుచ్చుకొనిపోయెను.

సెప్టెంబరులో, మరల చల్లిన గోంగూర చేతికందిన నాళ్లలో, గడువు తీరి మా యమ్మ స్వదేశమునకు పోయెను. నన్ను మరచినదో, మొక్కలకై విడిచినదో తెలియదు. మరుసటి వసంతమున కొడుకు తెల్లని సన్నగుడ్డ చుట్ట నొకటి కొని తెచ్చెను. పగలంతయు కప్పి యుంచినను వెలుతురును పోనిచ్చునట. మంచిదే కావచ్చును, నాకు దానితో పరిచయము లేదు. నేను కారుశాల మూల చేరితిని. గడ్డి కోయు యంత్రపు నూనె తుడుచుటకు నాలో రెండు గజములు చించిరి. ఆ ముక్క యేమైనదో యెరుగను. ఒకనాడు ఆ యంత్రము ప్రక్కనే నిలిచి అతడు ఫోనులో తల్లితో మాటాడుచుండ, "నా మంగళగిరి చీర ఎక్కడుందిరా?" అని ఆమె గొంతు వినవచ్చెను. "ఉందమ్మా, జాగ్రత్తగా దాచాను" అని అతడు కాలితో నన్ను గోడవైపు నెట్టెను.

ఈ రాత్రి మరల ఆకసము తేటగా నున్నది. అతడు వెలుపల ఆ తెల్లగుడ్డ పరచి దీపమార్పి పోయెను. నా మడతలలో నొక యెలుక ఈనినది. నా నూలునే పీకి పడక వేసికొన్నది. రేపు ఆ పిల్లలు పెద్దవై నారునే కొరుకునని యెరుగుదును. తలుపు క్రింది సందునుండి చలిగాలి సోకినప్పుడెల్ల, కండ్లు తెరువని ఆ నాలుగు పిల్లలును ఆవకాయ మరకయున్న చెంగువైపు పొర్లి, ఒండొంటి నొత్తుకొని పండుకొనుచున్నవి.