మగణంలో కూసే కోడి

మా ఇబ్రహీంపట్నం పేరు చెప్పిన ప్రతిసారీ వెనకాల ఒక చిన్న పాఠం చెప్పుకోవాలి. హైదరాబాదు పక్కన పెద్ద చెరువున్నది మాది కాదు. బెజవాడ పక్కన కరెంటు తయారుచేసేదీ మాది కాదు. మాది మెట్‌పల్లి దగ్గరిది, జగిత్యాల జిల్లాది, ఉత్తరాన గోదావరి పారేది. పేరు పెట్టి పిలిస్తే ముగ్గురం పలుకుతాం, అదే చిక్కు. మా మేనల్లుడు అమెరికా నుంచి పంపిన పార్సిల్ మిగతా ఇద్దరినీ పలకరించి, పదహారు రోజులకు మా గడప తొక్కింది.

విప్పితే లోపల ఒక కట్టెపెట్టె. పిల్లల కంపాసు పెట్టెకంటే కొంచెం పొడుగు. పలచని చెక్క గోడలు, పైన తెడ్డులాంటి మూత. ఆ మూత ఒక కొసన మర మీద అటూ ఇటూ తిరుగుతుంది. పక్కన ఒక రబ్బరు బ్యాండు, ఒక చాక్‌పీసు.

"గింత దూరం నుంచి గీ అగ్గిపెట్టె పంపిండా నీ అల్లుడు?" అంది మా ఇంటామె.

అగ్గిపెట్టె సంగతేమో గానీ, చాక్‌పీసు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి, వేళ్ల సందుల్లో పొడి దులుపుకుని ఇంటికొచ్చినవాడిని. అమెరికా నుంచి కూడా చాక్‌పీసే రావాలా?

సాయంత్రం మిస్సోరి నుంచి ఫోన్. "మామా, అది టర్కీ కోడిని పిలిచే పెట్టె. ఆఫీసులో మా దోస్తు నన్ను వేటకు తీస్కపోతుండు. నాకేమో ఎంత గీకినా కూత అస్తలేదు. నువ్వు చిన్నప్పుడు కంజు పిట్టలను పిలిచెటోనివి గదా. నువ్వు నేర్సుకొని నాకు చెప్పు."

తప్పు వాడిది కాదు. నేను పెదవులు బిగించి ఈల వేస్తే మక్క చేన్లోంచి కంజు పిట్టలు వరుస కట్టి నడిచొచ్చేవని ఇరవై ఏళ్లుగా ప్రతి దసరాకూ చెబుతున్నది నేనే. మొదట్లో రెండు పిట్టలు వచ్చేవి. వాడు ఇంజనీరింగులో చేరేనాటికి ఏడయ్యాయి. వాడి పెళ్లినాటికి లెక్కపెట్టడం మానేశాను. అసలు జరిగింది ఏమిటంటే, ఊరికొచ్చిన పిట్టలోళ్ల తాత వెంట నీళ్ల చెంబు మోసుకుంటూ నేను వెళ్లాను. పిలిచింది నేనూ కాదు, తాతా కాదు. ఆయన పంజరంలోని పెంపుడు పిట్ట. అది కూస్తే, నా చేన్లోకి ఎవడొచ్చాడురా అని చేన్లోని పిట్ట కొట్లాటకు వచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. తుపాకి రాముడు కట్టె తుపాకి భుజాన వేసుకుని తన కోటల గురించీ వేటల గురించీ చెబుతుంటే అబద్ధమని వినేవాళ్లకు తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. నా కథలో వినేవాడికి తెలియలేదు, అంతే తేడా. పైగా 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది కాబట్టి నన్నెవరూ చేన్లోకి తీసుకెళ్లి పిలవమని పరీక్ష పెట్టలేరని ధీమాగా ఉన్నాను. చట్టంలో టర్కీ కోడి లేదన్న సంగతి నాకు తట్టలేదు.

అల్లుడు పద్ధతి వివరించాడు. వసంతంలో టర్కీ పుంజు ఒకచోట నిలబడి గొంతెత్తితే పెట్టలు దాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి. పెళ్లిచూపులకు పిల్లే పిల్లగాడి ఇంటికి పోవడం వాటి ఆచారం. వేటగాడు చెట్టు మొదట్లో ఆకుల రంగు బట్టలు వేసుకుని కూర్చుని, పెట్టలా కూస్తూ, ఆ ఆచారాన్ని తిరగేయాలి. పుంజే నడిచి రావాలి. అది పరువుగల పుంజైతే ఓ పట్టాన రాదు. అప్పుడు రెండో మందు: పుంజులాగే కూయడం. ఇంకో మగాడు దిగాడని ఉడుక్కుని వస్తుంది. మా పిట్టలోళ్ల తాత పంజరం కిటుకే ఇది. కాకపోతే తాత దానికి పేటెంటు తీసుకోలేదు. ఈ పెట్టెకు ఆర్కన్సాలో గిబ్సన్ అనే ఆయన 1897లోనే తీసుకున్నాడట.

పని చేసే తీరు చూస్తే బడి గుర్తొచ్చింది. మూత అడుగున చాక్‌పీసు రుద్దాలి. పలక మీద కొత్త సుద్దముక్క కీచుమంటుందే, ఆ కీచు నుంచే ఇక్కడ సంగీతం. సుద్దలో నూనె జిడ్డు ఉండకూడదు, చేతి చెమట అంటకూడదు. మూతను గోడ అంచు మీద మెల్లగా లాగితే ముందు సన్నగా, వెంటనే కొంచెం బొంగురుగా, ఒకే ఊపిరిలో రెండు స్వరాలు పలకాలి. అది పెట్ట కూత. పుంజు కూతకు మూతను పెట్టెకు కలిపి రబ్బరు బ్యాండు వేసి, నిలువుగా పట్టుకుని ఊపేయాలి. మూత రెండు గోడలకూ టకటకా తగిలి గొంతు పగిలినట్టు మోగుతుంది. చెప్పడానికి ఇంతే.

మొదటి రోజు పొద్దున అర్ర తలుపు వేసుకుని పెట్ట కూత మొదలుపెట్టాను. నాలుగు సార్లు లాగానో లేదో బయట నుంచి మా ఇంటామె గొంతు: "దేవునర్ర తలుపుకు నూనె పెట్టుమని నెల నుంచి మొత్తుకుంటున్న. ఇంటవా?" నేను కిక్కురుమనలేదు. ఆమె పోయి ఆ తలుపు బందులకు కొబ్బరినూనె పోసింది. మర్నాడు మళ్లీ అదే చప్పుడు. మళ్లీ పోసింది. మూడోనాటికి నేల మీద నూనె మడుగు కట్టాక నిజం ఒప్పుకున్నాను.

ఇక పరీక్షకు నిలబెట్టాల్సింది పక్కింటి పుంజునే. పక్కింటి తమ్ముడు మస్కట్‌లో పదకొండేళ్లు పని చేసి వచ్చాడు. ఊళ్లో అందరూ దుబాయి తమ్ముడు అంటారు. దుబాయి నేను చూడనైనా చూడలేదని మొదట్లో చెప్పేవాడు, ఇప్పుడు పలుకుతున్నాడు. వచ్చిన కొత్తలో వ్యాపారమని టర్కీ పిల్లలు కొన్నాడు. ఇప్పుడు మిగిలింది ఒక పుంజు, మూడు పెట్టలు.

ఆ పుంజును దగ్గర నుంచి చూడాలి. ఈకలు విప్పి, రెక్కలు నేల గీరుతూ, తోక విసనకర్ర చేసి నిలబడితే పాతకాలపు దొరగారు కచ్చేరుకు వచ్చినట్టే. రొమ్ము మీద ఓ కుచ్చు వెంట్రుకలు, ముక్కు మీద నుంచి వేలాడే మెత్తటి తోలు, మెడ కింద ముడతలు ముడతలుగా ఎర్రటి సంచి. మనసును బట్టి దాని తల రంగు మారుతుంది. జహంగీరు పాదుషా కూడా ఈ తల చూసే ముచ్చటపడ్డాడు. 1612లో ఆయన మనిషి ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి వింత జంతువులతోపాటు ఈ కోడిని తెచ్చాడు. కాసేపు పగడం, కాసేపు పత్తి, కాసేపు నీలిరంగు, అచ్చం ఊసరవెల్లి అని పాదుషా తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఉస్తాద్ మన్సూర్ దాని బొమ్మ వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో ఉంది.

ఈ కోడి పుట్టింది అమెరికాలో. ఇంగ్లీషువాళ్లు టర్కీ అన్నారు. టర్కీవాళ్లేమో హిందీ అంటారు, అంటే హిందుస్థాన్‌ది అని. పోర్చుగీసువాళ్లు పెరూ అన్నారు. ఇది చెబితే పక్కింటి తమ్ముడు చాలాసేపు పుంజు వంక చూశాడు.

"సార్, మస్కట్‌ల మమ్ముల గట్లనే పిలిచెటోళ్లు. హిందీ, ఓ హిందీ, ఇటు రా అని. గీడికొస్తే దుబాయోడంటరు." అని, గుప్పెడు జొన్నలు ఎక్కువే వేశాడు దానికి.

ఇక పుంజు కూత. దాన్ని ముందు కాగితం మీద పెట్టుకుందామని కూర్చున్నాను, తెలుగు పంతులుకు అంతకంటే ఏం చేతనవుతుంది? ఇంగ్లీషువాళ్లు రాసే తీరు మన చెవికి నప్పదు. నాలుగు రోజులు గోడ పక్కన నిలబడి విని, చివరకు "గొబ్లొబ్లొబ్లొబ్లొ" దగ్గర స్థిరపడ్డాను. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు కాబట్టి చివరి అక్షరం తప్ప అన్నీ గురువులే. మూడు గురువులంటే మగణం. శార్దూల పద్యం కూడా మగణంతోనే మొదలవుతుంది. అంటే ఈ పక్షి రోజుకు వంద సార్లు శార్దూలం ఎత్తుకుంటోంది. మొదటి గణం దాటి సగణంలోకి పోలేక మళ్లీ మొదటికి వస్తోంది. మా బడిలో అలాంటి పిల్లలు చాలామంది ఉండేవారు.

శివరాత్రి ముందు ఓ పొద్దున రబ్బరు బ్యాండు వేసి ఊపాను. గోడ అవతల నుంచి వెంటనే, నా కూత పూర్తికాకముందే, "గొబ్లొబ్లొబ్లొ!" ఒళ్లు గగుర్పొడిచింది. మళ్లీ ఊపాను. మళ్లీ పలికింది. జీవితంలో మొదటిసారి ఒక పిట్ట నా పిలుపు విని పలికింది. ఇరవై ఏళ్ల అబద్ధం ఒక్క పూటలో నిజమైపోయిందని అల్లుడికి ఫోన్ చేశాను.

ఆ సంతోషం మెట్‌పల్లి బస్సు వచ్చేదాకానే. డ్రైవరు మలుపులో హారన్ కొట్టాడు. "గొబ్లొబ్లొబ్లొ." వెనక వీధిలో పసుపు పాలిష్ డ్రమ్ము తిరగడం మొదలైంది. "గొబ్లొబ్లొబ్లొ." మా వంటింట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేస్తే మూడుసార్లు సమాధానమిచ్చింది. పక్కింటి తాతయ్య తుమ్మితే కూడా, నాకిచ్చినంత మర్యాదే ఇచ్చింది.

"గది అట్లనే ఉంటది మామా," అన్నాడు అల్లుడు. "వసంతం మీదున్న పుంజు ఏ పెద్ద చప్పుడు విన్నా పలుకుతది. ఇక్కడ గుడ్లగూబ లెక్క అరిచి, అది యాడ పలుకుతదో చూసి, గటు పోతరు." తర్వాత కాస్త గొంతు తగ్గించి, "నీ కూత ఇన్న. ఊపుడు ఎక్కువైంది. అమెరికా పుంజు దానికి రాదు. గింకో ముచ్చట, పుంజు కూత కూసేటప్పుడు పైలం. నిజం కోడే అనుకొని ఇంకో వేటగాడు తుపాకి పట్టుకొని నీ దిక్కే వస్తడు."

ఆ మాట మా ఊళ్లో మరోరకంగా నిజమైంది. ఆ ఆదివారం గేటు ముందు ఇద్దరు పిల్లలు బండి ఆపి, "సార్, టర్కీ ఉన్నదట గదా, కిలో ఎంత?" అన్నారు. లేదన్నాను. "మరి కూత ఇనబడె?" నేనే అని చెప్పుకోవడానికి అభిమానం అడ్డొచ్చి, పక్కింటి వైపు చెయ్యి చూపించాను. పక్కింటి తమ్ముడు అమ్మనన్నాడు. ఆ రాత్రి నుంచి పుంజును తన మంచం పక్కనే కట్టేసుకుంటున్నాడు. ఇక కోతుల సంగతి వేరే చెప్పాలా? మా దిక్కు ఊరికి ఊరే వాటి చేతిలో ఉంది. చప్పుడుకు బెదిరిపోతాయేమో చూద్దామని డాబా ఎక్కి ఓ రోజు ఊపాను. పోలేదు. చూడ్డానికి ఇంకో ఆరు వచ్చాయి.

అల్లుడి వేట తేదీ దగ్గరపడింది. చివరి పాఠమని ఉగాది తర్వాత ఓ పొద్దున వీడియో కాల్ పెట్టాడు. ఫోన్ కెమెరా గోడ అవతలి పుంజు వైపు తిప్పి పట్టుకున్నాను. పెట్టెకు రబ్బరు బ్యాండు వేసి పిట్టగోడ మీద పెట్టి, చెమట తుడుచుకోవడానికి కండువా తీశాను. అంతే. ఎక్కడ నుంచి వచ్చిందో పెద్ద కోతి, పెట్టె ఎత్తుకుని నీళ్ల ట్యాంకు మీదికెక్కింది. మూత వాసన చూసింది. కొరికింది, రుచించలేదు. లోపల ఏదో తినేది ఉందనుకున్నట్టుంది, చెవి దగ్గర పెట్టుకుని మణికట్టుతో మెల్లగా, లెక్కపెట్టినట్టు మూడుసార్లు ఊపింది.

అవతల పుంజు తోక విప్పింది. రెక్కలు నేలకు దించింది. తల పగడమై, పత్తియై, నీలమై, కట్టుతాడు తెంపుకుని గోడ ఎక్కి ట్యాంకు వైపు పరుగెత్తుకుంటూ వచ్చింది. నాకు ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

ఫోన్లో అల్లుడు ఎగిరి గంతేస్తున్నాడు. "మామా! గదే! గదే కావాలె! గింత మంచిగ ఎట్ల నేర్సినవే?"

"మస్తు ప్రాక్టీసు చేసిన బిడ్డా," అన్నాను.