రెండు వారాల శాస్త్రం

డిప్రెషన్ మందు ఆపితే ఎన్నాళ్ళు అవస్థ పడాలి? బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ చాలాకాలం ‘సుమారు వారం, అదీ స్వల్పంగా’ అంటూ వచ్చింది. 2018 ఫిబ్రవరిలో అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ పెద్దలిద్దరు ‘ది టైమ్స్’ పత్రికకు ఉత్తరం రాసి, అత్యధికులకు రెండు వారాల్లో సర్దుకుంటుందన్నారు. వారానికి ఇంకో వారం కలిపిచ్చారు, దొడ్డ మనసు! రోగుల నరాలు ‘ది టైమ్స్’ చదవవు కాబట్టి కొందరికి నెలలు పట్టింది. 2019 మేలో కాలేజీ, ఆ అక్టోబరులో నైస్ మాట మార్చుకున్నాయి.

ఈ వారాలు ఎక్కడివని అడక్కండి. మందు పనిచేస్తుందా అని తేల్చే పరీక్షలు ఎక్కువగా ఎనిమిది, పన్నెండు వారాలతో ముగుస్తాయి. జనం ఏళ్ళకేళ్ళు మింగుతారు. మొదలుపెట్టడానికి కొలతలన్నీ ఉన్నాయి. ఆపడాన్ని కొలవడానికి మాత్రం జేబులు పెద్దగా తెరుచుకోలేదు.

అందరికీ ఈ బాధ రాదు. మందుతో నిలదొక్కుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఇది చదివి రేపు పొద్దున బిళ్ళ పారేయకండి, గొడవంతా అలా పారేయడం గురించే. 2024లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం మందు ఆపడం వల్లే లక్షణాలు వచ్చేది ఆరేడుగురిలో ఒకరికి, తీవ్రంగా వచ్చేది సుమారు 35 మందిలో ఒకరికి. (ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం నెలల లెక్కన వాడినవాళ్ళవి, పదేళ్ళు వాడినవాళ్ళను అందులో వెతక్కండి.)

ఆ ఒక్కరు డాక్టరుగారి దగ్గరికి వెళ్తారు.

“సార్, కళ్ళు పక్కకి తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టుంటోంది. ఒకటే ఏడుపు. నిద్ర లేదు.”

“మానేశారా? చూశారా, జబ్బు తిరగబెట్టింది!”

మొదట జబ్బు చేసినప్పుడు కరెంటు కొట్టలేదు సార్ అనేలోపు తర్వాతి టోకెన్ పిలుస్తారు. మానిన కొద్ది రోజులకే మొదలై, మళ్ళీ మింగితే చప్పున సర్దుకునేది తిరగబెట్టిన జబ్బు కాదని వాళ్ళ పుస్తకాల్లోనే ఉంది. అయినా మళ్ళీ రాసిన బిళ్ళతో తేరుకున్నారనుకోండి, మందు మీకెంత అవసరమో రుజువైపోయినట్టే! ఈ తర్కంతో పొద్దున కాఫీ పడక తలపోటు వచ్చినవాడికి పుట్టుకతో కాఫీ లోపమని తేల్చవచ్చు.

మన మెడికల్ షాపుల్లో డిప్రెషన్ మందుకో తోడు కూడా ఉంది: డిప్రెషన్‌కిచ్చే ఎస్సిటలోప్రామ్, ఆందోళనకిచ్చే క్లోనజెపామ్ కలిపి ఒకే బిళ్ళ. తాము మింగుతున్నది రెండు మందులని చాలామందికి తెలియదు. మానితే రెండూ ఒకేసారి పోతాయి. క్లోనజెపామ్ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ దాకా రావచ్చు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనే ఎర్ర గీత మాత్రం స్ట్రిప్ మీద తప్పకుండా ఉంటుంది, అలంకారానికి.

మెల్లగా తగ్గించమంటారు. సగం చేసి, కొన్నాళ్ళాగి, ఆపేయమని. మెదడు ఈ భాగహారానికి ఒప్పుకోదు. సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 20 మిల్లీగ్రాములు, మెదడులోని సెరొటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాగే ద్వారాల్లో సుమారు 80 శాతాన్ని మూస్తే, అందులో ఆరో వంతు డోసు కూడా సగం ద్వారాలు మూస్తుంది. అంటే అసలు పతనం ఆ చివరి ముక్క దగ్గరే. 2019లో పరిశోధకులు మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ ఈ లెక్క అచ్చువేశాక వైద్యలోకం చెవి ఒగ్గింది. హోరోవిట్జ్ మనోవైద్యుడు, ఇలాంటి మందే మానబోయి విలవిల్లాడినవాడు కూడా. రోగి మాట నమ్మాలంటే రోగి డాక్టరై ఉండాలి కాబోలు.

నెదర్లాండ్స్‌లో రోజురోజుకూ డోసు తగ్గే పొట్లాల చుట్టలు తయారుచేశారు. ఇక్కడ ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాముల కిందికి దిగాలంటే వంటింట్లో బ్లేడు, పళ్ళెం, మిగిలిన పొడి. అందులో అర మిల్లీగ్రాము బిళ్ళ ఉందా అని షాపులో అడిగి చూడండి, కౌంటర్లో అబ్బాయి నవ్వుతాడు.

“అంత చిన్నది చేస్తే కొనేదెవరు సార్? మానేసేవాళ్ళేగా!”