మీరేవిట్లు?

దాచేపల్లిలో గ్యాస్ బండలు వేసే బాబాయి ఒకడుంటాడు. ఆ మాటకొస్తే పల్నాడులో ఏ ఊళ్లోనైనా ఉంటాడు. 14.2 కిలోల గ్యాసు, దానిపైన ఇనుము బరువు, రెండూ భుజానికెత్తుకుని గుక్క తిప్పుకోకుండా మూడంతస్తులు ఎక్కుతాడు. కానీ "మీరేవిట్లు?" అని అడగందే ఒక్క మెట్టు దిగలేడు.

రసీదు మీద తెలిసిన ఇంటిపేరు కనబడితే సీలు తీసి, వాషరు చూసి, సబ్బునీళ్లు పూసి, బుడగ రాలేదని వంటింటి సాక్షిగా నిరూపించి, ఇచ్చిన మజ్జిగ తాగి వెళతాడు. తెలియని ఇంటిపేరైతే బండ గేటు దగ్గరే ఆగుతుంది. కాలనీ అయితే రోడ్డు మొదట్లో నిలబడి స్పానరుతో బండ మీద టంగుటంగున కొడతాడు. ఎవరి బండ వాళ్లు దొర్లించుకోవాలి. మంచినీళ్లిస్తే "ఇప్పుడే తాగానమ్మా". సిమెంటు ఫ్యాక్టరీకి వచ్చిన హిందీవాళ్ల దగ్గర "భాయ్" అని ఇరవై ఎక్కువ.

బ్రహ్మనాయుడి చాపకూడు అంటే మాత్రం ఛాతీ పొంగుతుంది. "అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడయ్యా మా పల్నాటాయన!" మరి కారెంపూడి తిరునాళ్లలో నువ్వెప్పుడైనా కూర్చున్నావా బాబాయ్ అంటే, ప్రతి ఏడూ సరిగ్గా ఆ పూటే లోడు దిగుతుందట.

ఇప్పుడు చరిత్రను కాస్త పక్కకు తిప్పుదాం. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక మన సైన్యం, పాకిస్తాన్ సైన్యం నెలల తరబడి సరిహద్దులో ఎదురెదురుగా నిలబడ్డాయి గదా. అప్పుడెవరో తొందరపడ్డారనుకోండి. బాంబు హైదరాబాదు మీద పడింది. బతికినవాళ్లు వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పొందుగల మీదుగా దాచేపల్లి చేరారు. (మరీ అసాధ్యమేం కాదు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో హైదరాబాదు నుంచి వచ్చిన సొంత మనుషులనే పొందుగలలో ఆపారు. అప్పుడున్నది కంటికి కనబడని పురుగు.)

డీజిల్ లేదు గనక బాబాయి ఆటో పోయి ఎద్దుబండి వచ్చింది. ప్రశ్న పోలేదు, ఇంకోటి తోడైంది: "మీరేవిట్లు? బాంబుకు ముందొచ్చారా, తర్వాతా?" హిరోషిమా, నాగసాకి బాధితులకు పిల్లనివ్వడానికి, పనివ్వడానికి జపాన్‌లో చాలామంది జంకారు. ఆ జంకు రేడియేషన్‌కు. మన బాబాయి రేడియేషన్‌లోనూ మనోళ్లది, బయటోళ్లది వేరుచేశాడు. నాగులేరు గట్టు శిబిరంలో తెలిసిన ఇంటిపేరువాళ్ల ఒంటి మీద బూడిద కనబడితే "ప్రయాణపు దుమ్ము". అవతలి గుడారంలో కనబడితే "అణుధూళి", అక్కడ బండ ముప్ఫై గజాల దూరంలోనే దించాలి.

పేలుడు తర్వాత రాలే ధూళిలో రేడియేషన్ ఏడు గంటలకు పదో వంతుకు, రెండు రోజులకు నూరో వంతుకు, రెండు వారాలకు ఇంచుమించు వెయ్యో వంతుకు తగ్గుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. బాబాయి అనుమానానికి ఈ తరుగు వర్తించదు.

ఒకరోజు సర్కారు తరఫున ఓ కుర్రాడు గైగర్ కౌంటరు పట్టుకుని శిబిరానికొచ్చాడు. ముప్ఫై గజాల అవతలి గుడారంలో అది ఒకటి రెండుసార్లు టిక్కుమని ఊరుకుంది. బాబాయి బండి దగ్గరికొచ్చేసరికి ఆపకుండా గీపెట్టింది. రోజూ మనోళ్ల దుప్పట్ల మీద కూర్చుని మజ్జిగ తాగొచ్చిన పంచె మరి!

బాబాయి మిషను వంక ఎగాదిగా చూశాడు. తర్వాత కుర్రాడి వంక చూశాడు.

"మిషను సంగతి అట్టుంచు అబ్బాయ్, ఇంతకీ మీ ఇంటిపేరేంది?"