గ్రాము పద్యము: టీకా తాత్పర్యము

అవతారిక: ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఎదుట, కొత్త కార్బన్ చక్రములను తడిమి మురియుచున్న ఒక పరిశోధక విద్యార్థిని చూచి పేరు చెప్పని కవి పలికినది.

ఆ. గ్రాము తగ్గ వేలు గల్లంతు లగునయా
తారనాక గుంత తరుగదయ్య
బొజ్జ మోయు వాడు బోలెడు కార్బన్ను
కొన్న నేమి యెక్కఁ గొండ గలదె

టీక: గ్రాము తగ్గన్ = సైకిలు తూకము పిసరంత తగ్గగా; వేలు = రూపాయలు (స్కాలర్‌షిప్పువి యని గ్రహింపవలెను); తారనాక = తార్నాకయే, గణము చాలక కవి సాగదీసెను; గుంత తరుగదు = తవ్వినచోటనే మరల తవ్వుదురు గనుక పూడదు; కొండ = ఫ్లైఓవరని కొందరు. అది ఎక్కులోపలే దిగుడు వచ్చును గనుక ఆ యర్థము చెల్లదు.

తాత్పర్యము: తూకము కొన్నవాడు వేగము కొన్నట్లు కాదు.

విశేషములు: చక్రములకే కాదు, గేర్లకును ఇదే లెక్క: షిమానో 105 డీఐ2 గేర్ల సెట్టును వదలి అదే కంపెనీ పైతరగతి డ్యూరా-ఏస్ పెట్టించినచో తగ్గునది సుమారు అర కిలో; ధర రెట్టింపు దాటును. ఆ అర కిలో సీసాలోని అర లీటరు నీరే. మనిషి 70 కిలోలు, సైకిలు 9 కిలోలు అనుకొన్నచో మొత్తములో ఒక శాతమైనను కాదు. నిటారుగా గంటసేపు ఎక్కు కొండ దొరికినచో ఇరువది సెకనులకు కొంచెము పైన మిగులును. హబ్సిగూడ వైపు సమతలముపై వేగముగా పోవువానికి అడ్డు తూకము కాదు, గాలి. సిగ్నలు దగ్గర గాలియు కాదు, ఆటో.

పూర్వపక్షము: "పందెగాండ్రు తేలికవే వాడుదురు గదా?" వాడుదురు. కాని వారికిని హద్దు గలదు: 6.8 కిలోలకు తక్కువ సైకిలును అంతర్జాతీయ సైక్లింగ్ సంఘమైన యూసీఐ 2000 నుండి పందెములకు రానీయదు. మరియు వారు తమ గేర్లకు తాము డబ్బు కట్టరు. ఈ రెండవ మాటను దుకాణదారు చెప్పడు.

తేలికదనమునకు క్యాంపస్‌లో ఒక్క ప్రయోజనము కలదు. దొంగల భయమున సైకిలును మూడవ అంతస్తు గదికి మోయు హాస్టలు విద్యార్థికి ప్రతి గ్రామును కలిసివచ్చును. అతనికిని ఆ సొమ్ముతో గట్టి తాళము వచ్చును.

సిద్ధాంతము: ముందు ఆ గుంతలకు 28 మిల్లీమీటర్ల మంచి టైర్లు, పిదప తాళము. గేర్లకు 105 చాలును.