చంపడమా, పెండింగులో పెట్టడమా

వేడుకుంటున్నవాణ్ణి చంపితే వాడి జేబులో ఉన్నది మాత్రమే మనకి దక్కుతుంది. వదిలేస్తే వాడు రేపు కొట్టు పెట్టి మనకి చవగ్గా మందులమ్మొచ్చు, ఏదో కోటకి దొడ్డిదారి చూపించొచ్చు, ఆఖరి యుద్ధంలో పదిమందిని వెంటేసుకుని మన పక్షాన దిగొచ్చు. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేముల్లో నా చేతికి చిక్కిన దొంగలూ, మంత్రగత్తెలూ, రక్తపిశాచులూ ఈ ఒక్క సూత్రం వల్లే బతికి బట్టకట్టారు. వాళ్ళ దృష్టిలో నేను కరుణామయుణ్ణి. నా దృష్టిలో వాళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్లు.

పగలు నేనొక సహకార బ్యాంకులో మొండి బకాయిల వసూలు చూస్తాను. "ఈ ఒక్కసారికీ చూసీచూడనట్టు వదిలేయండి సార్" అన్న మాట వినకుండా నాకు పొద్దు గడవదు. రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటే అదే మాట గాబ్లిన్ల నోట వినాలి. కాకపోతే బ్యాంకులో వదిలేసే అధికారం నాకు లేదు. అందుకే రాత్రిళ్ళు కాస్త ధారాళంగా ఉంటాను.

ఈ లెక్కల బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదండీ, గేములు చేసేవాళ్ళే నేర్పారు. 2007లో బయోషాక్ అని వచ్చింది. అందులో కత్తులూ గుర్రాలూ లేవు, సముద్రం అడుగున కట్టిన ఓ నగరం కథ. కానీ ఈ విద్యలో దాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు. ఆడమ్ అనే పదార్థాన్ని ఒంట్లో మోసే చిన్న ఆడపిల్లలు మన చేతికి చిక్కుతారు. చంపి తీసుకుంటే 160, కాపాడి పంపిస్తే 80. సగానికి సగం నష్టమా అని ప్రాణం ఉసూరుమంటుంది. కంగారుపడకండి. ముగ్గుర్ని కాపాడితే ఒక కానుక అందుతుంది, అందులో ఇంకో 200 ఉంటుంది. ఇప్పుడు కూడండి. ముగ్గుర్నీ చంపితే 480, ముగ్గుర్నీ కాపాడితే 440. అంటే ముగ్గురు పసిపిల్లల ప్రాణాలకి మనం వదులుకునేది అక్షరాలా నలభై. పైగా కానుకలో వేరే సరుకు కూడా పెట్టి పంపిస్తారు. ఈ రేటుకి ధర్మాత్ముడు కానివాడెవడు?

పూర్వం ఇంత బేరసారాలు లేవు. 1985లో రిచర్డ్ గారియట్ అనే అమెరికా ఆయన అల్టిమా నాలుగో భాగం తెచ్చాడు. ఆ గేములో ఆఖర్న చంపడానికి మహా రాక్షసుడంటూ ఎవడూ లేడు. నిజాయితీ, కరుణ, వినయం లాంటి ఎనిమిది సుగుణాలు సంపాదించుకోవాలి, అంతే. కళ్ళులేని ఆవిడ ఒకతె మూలికలు అమ్ముతుంది. ఎన్ని నాణేలు ఇవ్వాలో చెప్పి, లెక్కపెట్టి పెట్టడం మనకే వదిలేస్తుంది. ఒకే ఒక్క నాణెం పడేసి సరుకంతా తెచ్చుకోవచ్చు. ఎవరూ అరవరు, భటులు రారు. పారిపోతున్న ఏ పాపం ఎరగని జంతువుని వెంటాడి చంపినా అంతే, ఎవరూ ఏమీ అనరు. గేము మాత్రం లోపల్లోపల రాసిపెట్టుకుని, ఎప్పుడో మనం మరిచిపోయాక తీస్తుంది. ఈ పద్ధతి నాకు కొత్తేం కాదు. మా అమ్మ సంసారం నడిపింది దీంతోనే.

అదే గారియట్ 1988లో అయిదో భాగంలో ఒక పాతాళపు గదిలో బోనులు పెట్టి, వాటిలో పిల్లల్ని పెట్టాడు. బోను తెరిస్తే ఆ పిల్లలు మనమీదే పడి కొడతారు. గేముని పరీక్షించేవాళ్ళలో ఒకరు ఇది చూసి, పిల్లల్ని చంపమంటున్నారంటూ పెద్ద గొడవ చేశారు. ఆయన మాత్రం గదిని తీసేయలేదు. నిజానికి వాళ్ళకి నిద్రమంత్రం వేసి పోవచ్చు. అసలు బోనుల జోలికే వెళ్ళకుండా తలుపు తీసుకుని నడిచిపోవచ్చు. కానీ ఎదురుగా మీట కనబడ్డాక లాగకుండా వచ్చేసిన ఆటగాణ్ణి నేనైతే ఇంకా చూడలేదు.

మన సినిమాలు ఈ చిక్కుని ఎప్పుడో తీర్చేశాయి. హీరో విలన్‌ని చితక్కొట్టి, పీక మీద కాలు పెట్టి, చెల్లెలు ఏడిస్తే కాలు తీసి, "బతుకుపో" అని వెనక్కి తిరుగుతాడు. వెంటనే వాడు పక్కనున్న గునపం అందుకుంటాడు. హీరోకి వీపులో కళ్ళుంటాయి. దెబ్బకి క్షమించిన పుణ్యమూ దక్కుతుంది, చంపిన తృప్తీ దక్కుతుంది. గేముల్లో ఈ సౌకర్యం లేదు. వదిలేసినవాడు గునపం అందుకోడు, చక్కా ఇంటికి పోతాడు. మనమే రాత్రంతా వాడేం చేస్తున్నాడోనని మథనపడాలి.

మథనపడేలా చేయడంలో పోలండు వాళ్ళకి సాటి లేరు. 2015లో వాళ్ళు చేసిన విచర్ మూడో భాగంలో ఒక గుట్ట మీద పెద్ద చెట్టు, దాని వేళ్ళ కింద బందీగా ఒక ఆత్మ. నన్ను విడిపించు, చిత్తడినేలలో మంత్రగత్తెల చేతికి చిక్కిన అనాథ పిల్లల్ని నేను కాపాడతాను అంటుంది. మా ఆవిడ అప్పుడే వంటిల్లు సర్దేసి వచ్చి కూర్చుంది.

"ఏమండీ, చెట్టుకింద దయ్యం మాట నమ్ముతారా ఎవరైనా?"

"పిల్లల్ని కాపాడతానంటోందిగా."

"కాపాడేది కట్టేసి ఎందుకుంటుంది?"

నేను విప్పేశాను. పిల్లలు నిజంగానే బతికారు. కానీ అవతల బారన్ అని ఒకడున్నాడు, తాగి పెళ్ళాన్ని కొట్టి, ఆమె వెళ్ళిపోయాక ఏడుస్తూ వెతుక్కుంటున్నవాడు. ఆత్మని విడిచిపెడితే ఆ భార్య శాపం తగిలి చచ్చిపోతుంది, ఈయన ఉరేసుకుంటాడు. ఆత్మని చంపితే ఆవిడ మతి చలించినా బతుకుతుంది, మొగుడు వైద్యానికి తీసుకుపోతాడు, పిల్లలు మాత్రం మంత్రగత్తెల పాలు. దుర్మార్గం ఏమిటంటే ఈ ఫలితం అక్కడికక్కడ చెప్పరు. గంటలకొద్దీ ఆడి, ఎక్కడెక్కడో తిరిగి, సేవ్ మీద సేవ్ చేసుకున్నాక, ఓ చెట్టుకొమ్మకి వేలాడుతూ కనిపిస్తాడు. వెనక్కి పోదామంటే దారి లేదు. మా ఆవిడ ఆ దృశ్యం చూసి, "నేనప్పుడే చెప్పాను" అన్న ఒక్క ముక్క అనేసి పడుకోవడానికి వెళ్ళిపోయింది. పిల్లలు బతికారు కదా అని నేను అన్నది తలుపుకి వినబడింది.

వెనక్కి పోయే దారి ఉంటే మాత్రం? దాని సంగతి మా అమ్మాయి దగ్గర తేలింది. ఇంటర్ చదువుతోంది. పరీక్షలకి ముందు మాత్రమే దానికి గేముల మీద మనసు పోతుంది. 2015లోనే టోబీ ఫాక్స్ అనే కుర్రాడు చేసిన అండర్‌టేల్ దాని లాప్‌టాప్‌లో ఉంది. బొమ్మలు చూస్తే మేం చిన్నప్పుడు ఆడిన వీడియో గేముల కాలంవి. కానీ అందులో యుద్ధానికి ఎంత పెద్ద మీట ఉందో దయకీ అంత మీటే ఉంది. ఒక్క ప్రాణి కూడా చావకుండా ఆట ముగించవచ్చు. మొదట్లోనే టోరియెల్ అనే మేకలాంటి అమ్మ మనల్ని ఇంటికి తీసుకుపోయి, నీకు దాల్చినచెక్క ఇష్టమా, బటర్‌స్కాచ్ ఇష్టమా అని అడిగి, రెండూ వేసి పై చేసి పెడుతుంది. తర్వాత బయటికి పోనివ్వదు. పోవాలంటే తనతో పోరాడాలి. కాస్త నీరసపడేదాకా కొట్టి అప్పుడు వదిలేద్దాం అనుకుంటాం. ఆ గేము మన సంగతి తెలిసి మరీ వల పన్నింది. నీరసపడేదాకా కొడితే ఆఖరి దెబ్బ ఊహించనంత గట్టిగా తగిలి చచ్చిపోతుంది. మనం చావుకి దగ్గరైతే ఆవిడ వేసే నిప్పులు మనల్ని తప్పించుకుని పోతాయి. అసలు మార్గం, ఆవిడ ఎంత కొట్టినా ఎదురు కొట్టకుండా, వదిలేస్తున్నా వదిలేస్తున్నా అని మీట నొక్కుతూనే ఉండడం.

మా అమ్మాయి చంపేసింది. ముక్కు ఎగబీల్చుకుని, గేము ఆపి, పాత సేవ్ నుంచి మొదలుపెట్టి, ఈసారి చక్కగా వదిలేసింది. గుమ్మం దాటగానే ఫ్లవీ అనే పువ్వు ఒకటి తల ఊపుతూ ఎదురొచ్చింది.

"నాన్నా! దీనికి తెలిసిపోయింది!"

వెళ్ళి చూద్దును కదా, నువ్వు ఆవిణ్ణి ఒకసారి చంపావు, బాధపడి వెనక్కొచ్చావు, నాకు తెలుసులే అంటోంది పువ్వు. ఇంకా ఘోరం వింటారా? అందర్నీ వెతికి వెతికి చంపేదారిలో కడదాకా పోతే లోకమే మాయమవుతుంది. తిరిగి కావాలంటే ఆత్మని అమ్ముకోవాలి. ఆ తర్వాత ఎంత పవిత్రంగా ఆడి అందర్నీ కాపాడినా సుఖాంతంలో ఒక మచ్చ ఉండిపోతుంది. మా అమ్మాయికి రాత్రి నిద్ర పట్టలేదు. నాకు మాత్రం వృత్తిరీత్యా ఆ పువ్వు మీద గౌరవం కలిగింది. మా వసూలు విభాగంలో అలాంటిది ఒకటి కుండీలో ఉంటే చాలు.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ మూడో భాగం గురించి ఎక్కువ చెప్పను, అందులో దూరితే ఈ వ్యాసానికి ఒడ్డు దొరకదు. రెండు చమత్కారాలు మాత్రం చెప్పి తీరాలి. అందులో శత్రువుని చంపకుండా స్పృహ తప్పించే ఏర్పాటుంది, కానీ అది చేతికందే దెబ్బలకే పనిచేస్తుంది. దూరం నుంచి బాణం వేసినా, మంత్రం వేసినా చావే. అంటే కరుణ చూపదలిస్తే దగ్గరికెళ్ళి స్వహస్తాలతో బాదాలి. రెండోది, శవాలతో మాట్లాడే మంత్రం. అయిదు ప్రశ్నలకి జవాబిస్తుంది శవం. అయితే తనని చంపినవాడితో మాత్రం మాట్లాడదు. న్యాయమే. కానీ మారువేషం మంత్రం వేసుకుని ఎదురుగా నిలబడితే అన్నీ చెబుతుంది. చచ్చాక కూడా మొహమాటపడే జాతి ఇదొక్కటే.

ఇక మా ఇంట్లో నడిచిన అసలు వ్యాజ్యం స్కైరిమ్‌లోని పార్థర్నాక్స్‌ది. 2011 నాటి గేము. అందులో ఓ పల్లెలో కోడిని చంపితే ఊరు ఊరంతా కత్తులు దూసుకుని వస్తుంది. కథకి అవసరమైన మనుషుల్ని ఎంత పొడిచినా మోకాలిమీద కూలబడి, ఆయాసం తీర్చుకుని లేస్తారు. అలాంటి లోకంలో ఈ పార్థర్నాక్స్ ముసలి డ్రాగన్. ఒకప్పుడు లోకకంటకుడైన ఆల్దూయిన్‌కి కుడిభుజం, చేయని ఘోరం లేదు. తర్వాత పక్షం మారి, మనుషులకి మంత్రశక్తి నేర్పి, వేల ఏళ్ళుగా అన్నిటికన్నా ఎత్తయిన కొండకొమ్మున ధ్యానంలో ఉన్నాడు. ఆ కొమ్ముకి కాస్త దిగువ మఠంలో సన్యాసులు ఆయన శిష్యులు. మనకీ విద్య నేర్పుతాడు. పుట్టుకతో మంచివాడు కావడం గొప్పా, పుట్టిన చెడ్డగుణాన్ని కష్టపడి గెలవడం గొప్పా అని అడుగుతాడు. సరిగ్గా అప్పుడే డెల్ఫిన్ అనే ఆవిడ దాపురిస్తుంది. పైకి పల్లెలో సత్రం నడుపుతుంది, లోపల డ్రాగన్లని వేటాడే పాత దండులో మిగిలిన మనిషి. ఆ డ్రాగన్‌ని చంపు, చంపేదాకా మా సాయం నీకుండదు అంటుంది.

అమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. డ్రాగన్ పేరు ఆవిడకి సగమే వినబడింది. అప్పట్నుంచి ఆయన మా ఇంట్లో పార్థుడు.

"ఒరేయ్, హోటలు నడుపుకునే ఆవిడకి ఈ గొడవలన్నీ ఎందుకురా? పాపం ఆ పార్థుడు కొండమీద తపస్సు చేసుకుంటుంటే."

"ఒకప్పుడు చాలామందిని చంపాడటమ్మా."

"వాల్మీకి మాత్రం?"

నేను లాభనష్టాలు వివరించాను. చంపితే మఠంవాళ్ళు మన మొహం చూడరు. వదిలేస్తే డెల్ఫిన్ దండు చూడదు. పార్థుడు బతికుంటే మూడు ధ్యానాల్లో ఒకటి నేర్పుతాడు, దాంతో మంత్రబలం పెరుగుతుంది. కాబట్టి మొత్తమ్మీద...

"నీకేమొస్తుందని నేనడిగానా?" అంది అమ్మ.

ఆ తర్వాత భాగవతం తీసింది. నిద్రపోతున్న ఉపపాండవుల్ని అశ్వత్థామ చంపేశాడు. అర్జునుడు వాణ్ణి కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేశాడు. కడుపుకోత పడ్డ తల్లే, వీడి తల్లి కూడా నాలా ఏడుస్తుంది, వదిలేయమంది. భీముడు చంపాల్సిందే అన్నాడు. కృష్ణుడు ఇద్దరి మాటా నెగ్గాలన్నాడు. అర్జునుడు కత్తి తీసి, తల గొరిగి, తలలో మణి లాక్కుని, బయటికి గెంటేశాడు.

"మీ గేములో గుండు కొట్టే ఆప్షన్ లేదా?"

"డ్రాగన్‌కి జుట్టుండదమ్మా."

"కొమ్ములున్నాయిగా."

లేదు. గుండు సంగతి అటుంచండి, "చంపను పో" అని డెల్ఫిన్ నోరు మూయించే మాట కూడా గేములో పెట్టలేదు. ఇది భరించలేక ఓ ఆటగాడు సొంతంగా గేముని మార్చే మాడ్ ఒకటి తయారుచేశాడు, దాంతో ఇక్కడ దొర నేనా నువ్వా అని డెల్ఫిన్‌ని నిలదీయవచ్చు. మాడ్ లేనివాళ్ళకి మిగిలింది ఒకటే దారి. పార్థర్నాక్స్‌ని చంపు అన్న పని చేయవలసిన పనుల జాబితాలో పడుతుంది. దాన్ని చేయకూడదు, అంతే. కొట్టేయడానికీ వీల్లేదు, తిరస్కరించడానికీ వీల్లేదు. ఫైలు కదలకుండా చూసుకోవాలి. ఇందులో నాకు ఆఫీసులో మంచి తర్ఫీదు ఉంది గనక పెద్ద కష్టం కాలేదు. ఆల్దూయిన్‌ని చంపాను, ప్రధాన కథ అయిపోయింది. జాబితాలో ఆ పని అలాగే ఉంది.

మొన్న దారిలో పడి డెల్ఫిన్‌ని పలకరించాను. మళ్ళీ అదే మాట, ఆ డ్రాగన్ చచ్చేదాకా నీతో మాట్లాడను అని. ఏం చెప్పాలో తోచక అమ్మ వైపు చూశాను.

"మా చిన్నప్పుడు తెనాలిలో తలుపులమీద రాసేవాళ్ళంరా, 'ఓ స్త్రీ రేపు రా' అని," అంది ఈనె తీసి పళ్ళెంలో వేస్తూ. "ప్రాణంకోసం గుమ్మంలోకొచ్చిన ఆడదానితో వాదనలు పెట్టుకోకు. రేపు రమ్మను."